ట్యాంకు అనే మాట – మన చెరువుల చరిత్ర

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• వాడుకలో ఉన్న ఒక మాటను చారిత్రక ఆధారంగా ఎలా చదవాలో వివరించగలుగుతారు.
• ‘ట్యాంకు’ అనే మాటకు వేర్వేరు కాలాల్లో వచ్చిన అర్థాలను గుర్తించగలుగుతారు.
• తెలంగాణ చెరువుల వ్యవస్థలోని ముఖ్య భాగాలను, వాటి స్థానిక పేర్లను చెప్పగలుగుతారు.
• రెవెన్యూ, నీటిపారుదల దస్తావేజుల్లో ఈ మాట ఎదురైనప్పుడు దాని అర్థాన్ని సరిగా నిర్ణయించగలుగుతారు.

1. పరిచయం

చరిత్ర రచనకు ఆధారాలు అనగానే మీకు శాసనాలు, నాణేలు, కట్టడాలు, దస్తావేజులు గుర్తుకు వస్తాయి. మనం రోజూ నోటితో అనే మాట కూడా ఒక ఆధారమే. ఒక మాట ఎక్కడ పుట్టింది, ఎవరి వెంట ప్రయాణించింది, ఏ పని కోసం వాడారు, ఆ పని మారినప్పుడు మాట ఏమయింది అని అడుగుతూ పోతే రాజకీయ చరిత్ర పుస్తకాల్లో కనిపించని సంగతులు బయటపడతాయి.

ఈ భాగంలో ‘ట్యాంకు’ అనే మాటను తీసుకొందాం. దీన్ని ఇంగ్లీషు మాటగానే మనం ఎరుగుదుం. ఇంటి మీద నీళ్ల ట్యాంకు, బండికి పెట్రోలు ట్యాంకు, ఇంటి వెనుక సెప్టిక్ ట్యాంకు, యుద్ధంలో ట్యాంకు, హైదరాబాదులో ట్యాంక్‌బండ్, భూగోళశాస్త్రంలో ట్యాంకుల కింద సేద్యం. ఇన్ని చోట్ల ఒకే మాట. కాని అర్థం ఒకటి కాదు. అర్థాలు కలగలిసిపోతే పరీక్షలో మార్కులు పోవడం చిన్న నష్టం. పొలమో, ప్లాటో పోవడం పెద్ద నష్టం. అందువల్ల దీన్ని కొంచెం ఓపికగా చదవండి.

మన ఉదాహరణలు ఎక్కువగా రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం, శేరిగూడ పరిసరాలకు, హైదరాబాదుకు సంబంధించినవి. మీరు ఏ జిల్లాలో ఉన్నా మీ ఊరి చెరువును మనసులో పెట్టుకొని చదవండి.

2. మాట పుట్టుక

‘ట్యాంకు’ ఇంగ్లండులో పుట్టి మన దేశానికి వచ్చిన మాట అనుకోవడం సహజం. నిఘంటుకారులు చెప్పేది వేరు. గుజరాతీ, మరాఠీ భాషల్లో నీటి తొట్టిని, భూమిలో కట్టిన నీటి గదిని సూచించే ‘టాంకే’, ‘టాంకీ’ వంటి మాటలు ఉన్నాయి. రాజస్థాన్‌లో వాన నీటిని నేల కింద నిలువ చేసే కట్టడాన్ని నేటికీ ‘టాంకా’ అంటారు. మరోవైపు పోర్చుగీసు భాషలో ‘టాంక్’ అని పలికే మాట ఉంది. నీటిని అడ్డగించి నిలపడం అనే అర్థం గల లాటిన్ మాటతో దానికి సంబంధం చూపుతారు. పోర్చుగీసువారు 1510లో గోవాను పట్టుకొన్న తరువాత పశ్చిమ తీరంలో ఈ రెండు మాటలూ ఎదురెదురుపడ్డాయి. ఉచ్చారణ దగ్గర, అర్థం కూడా దగ్గర. 17వ శతాబ్దంలో ఇంగ్లీషు వర్తకులు మాటను ఇక్కడే నేర్చుకొన్నారు.

పాశ్చాత్యులు మన దేశంలో విన్న మాటలను చర్చిస్తూ యూల్, బర్నెల్ 1886లో ప్రచురించిన ‘హాబ్సన్-జాబ్సన్’ అనే ప్రసిద్ధ నిఘంటువు ఈ మాటకు భారతీయ మూలాన్ని, పోర్చుగీసు మూలాన్ని రెండింటినీ చర్చిస్తుంది. రెండింటిలో ఏది తల్లివేరు అన్నది పండితుల మధ్య చర్చనీయాంశమే. మనకు కావలసిన విషయం ఇది: ఇంగ్లీషులో ఈ మాట స్థిరపడటంలో భారతదేశపు నీటి కట్టడాలకు పెద్ద పాత్ర ఉంది.

‘బండ్’ సంగతీ ఇలాంటిదే. అది పారశీకంలో కట్టకు, ఆనకట్టకు పేరైన ‘బంద్’ నుంచి హిందుస్తానీ ద్వారా ఇంగ్లీషులోకి వెళ్లింది. అక్కడి నుంచి ఓడలెక్కి చైనాకు పోయింది. షాంఘై నగరంలోని నదీతీరాన్ని ‘బండ్’ అని పిలవడం ఇందువల్లనే. కాబట్టి మనం అచ్చమైన ఇంగ్లీషు పేరు అనుకొనే ‘ట్యాంక్‌బండ్’లో రెండు ముక్కలకూ ఆసియా సంబంధం ఉంది. హైదరాబాదు పాతబస్తీలో ‘తాలాబ్‌కట్ట’ అనే పేట ఉంది. ఉర్దూలో తాలాబ్, తెలుగులో కట్ట. ‘ట్యాంక్‌బండ్’ అన్నా, ‘తాలాబ్‌కట్ట’ అన్నా ‘చెరువుకట్ట’ అనే అర్థమే. ఒకే నగరంలో ఒకే రకపు కట్టడానికి ఇన్ని భాషల్లో పేర్లు నిలిచాయంటే, ఆ నగరాన్ని ఎవరెవరు పాలించారో, ఎవరెవరు నివసించారో ఆ పేర్లే చెబుతున్నాయి.

3. ఒక్క మాట కింద ఎన్ని మాటలు

కుంపిణీ పాలనలో సర్వేలు, జమాబందీలు మొదలయ్యాక మన నీటి వనరులను ఇంగ్లీషులో రాయవలసి వచ్చింది. తెలుగులో వేర్వేరు పేర్లున్న వాటన్నిటినీ ఆ దస్తావేజులు తరచుగా ‘ట్యాంకు’ అనే ఒక్క మాట కిందికి చేర్చాయి. 1852లో వెలువడిన బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు కూడా ‘చెరువు’కు ఇచ్చిన అర్థాలలో ట్యాంకును చేర్చింది.

తెలుగువారి మాటలు చూడండి. వాగునో, వాన నీటినో పెద్ద కట్టతో ఆపి ఆయకట్టుకు నీరిచ్చేది చెరువు. అంతకంటే చిన్నది కుంట. గుడి దగ్గర మెట్లు కట్టినది కోనేరు. కొండల్లో రాతి మధ్య ఊరేది గుండం. రాజులు, రాణులు కట్టించిన పెద్ద చెరువులకు ‘సముద్రం’ అని పేరు పెట్టుకొనేవారు. కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించిన చెరువు పేరు ధర్మకీర్తి సముద్రం. కాకతీయుల వంశావళిని తెలిపే ప్రసిద్ధమైన బయ్యారం చెరువు శాసనం దీనికి చెందినదే. కుతుబ్‌షాహీల కాలం నుంచి ‘సాగర్’ అనే పేరు పెరిగింది. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో, 1562 ప్రాంతంలో, హుస్సేన్‌సాగర్ నిర్మాణమైంది. 20వ శతాబ్దంలో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, నిజాంసాగర్, ఆ తరువాత నాగార్జునసాగర్ అదే వరుసలో వచ్చాయి. హైదరాబాదు నుంచి ఇబ్రహీంపట్నం మీదుగా పోయే దారిని జనం నేటికీ ‘సాగర్ రోడ్డు’ అనే అంటారు.

ఇంగ్లీషు రాతలో కోనేరు ‘టెంపుల్ ట్యాంకు’ అయింది, చెరువు ‘ఇరిగేషన్ ట్యాంకు’ అయింది, కుంట ‘స్మాల్ ట్యాంకు’ అయింది. నిజాం రాజ్యంలో ఉర్దూ దస్తావేజుల్లో చెరువును ‘తాలాబ్’ అని రాశారు. అయితే ప్రయాణం ఒకవైపే సాగలేదు. ‘ఆయకట్టు’, ‘కుంట’ వంటి మాటలకు సరైన ఇంగ్లీషు దొరకక అధికారులు వాటిని యథాతథంగా తమ భాషలోకి తీసుకొన్నారు. నేటి ప్రభుత్వ ఉత్తర్వుల ఇంగ్లీషు ప్రతుల్లోనూ అవి అలాగే కనిపిస్తాయి.

4. చెరువు అంటే ఏమిటి

ట్యాంకు అనగానే ఇప్పటి మనిషి కళ్లకు కనిపించేది నాలుగు గోడలు, అడుగు, మూత ఉన్న పాత్ర. చెరువు అలాంటిది కాదు. ఈ తేడాను మీరు బాగా గుర్తు పెట్టుకోవాలి.

చెరువుకు కట్ట సాధారణంగా ఒక వైపే ఉంటుంది. మిగిలిన వైపుల నేలే మెల్లగా ఎత్తుకు పోతుంది. అందువల్ల నీటి అంచు ఒకచోట నిలవదు. భాద్రపదంలో ఒకచోట ఉంటుంది, వైశాఖంలో మరొకచోట ఉంటుంది. నీరు వెనక్కి తగ్గినప్పుడు బయటపడే నేలను ‘శిఖం’ అంటారు. కట్ట కింద పొలాలకు నీరు వదిలే దారి తూము. నిండిన తరువాత అదనపు నీరు పోయే చోటు అలుగు. తెలంగాణలో దాన్నే మత్తడి అంటారు. ‘చెరువు మత్తడి దుంకింది’ అంటే ఆ ఏడు పంటకు ధైర్యం వచ్చిందని అర్థం. పై చెరువు మత్తడి నీరు కింది చెరువుకు చేరే ఏర్పాటును గొలుసుకట్టు అంటారు. తూము తెరిచి మడి మడికీ వంతు ప్రకారం నీరు పారించే గ్రామ సేవకుడు నీరటి. కట్టను కాచే దేవత కట్టమైసమ్మ. హుస్సేన్‌సాగర్ కట్ట దిగువన కూడా కట్టమైసమ్మ గుడి ఉంది.

ఈ జ్ఞానం కేవలం అనుభవంగానే కాక శాస్త్రంగా కూడా ఉండేదనడానికి కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం సాక్ష్యం. విజయనగర కాలానికి చెందిన ఈ శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు 12 అంగాలు ఉండాలనీ, 6 దోషాలు ఉండకూడదనీ అది చెబుతుంది. జలశాస్త్రం తెలిసినవాడు ఉండటం ఆ అంగాలలో ఒకటి. కట్ట నుంచి నీరు కారడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, తక్కువ నీటికి ఎక్కువ ఆయకట్టు ఉండటం దోషాలలో చేరినవి. రోజుకు 1000 మంది కూలీలు, 100 బండ్లు పనిచేయగా నిర్మాణానికి 2 సంవత్సరాలు పట్టిందని కూడా శాసనం తెలుపుతుంది. సరిహద్దులో చెరువు ఉండకూడదు అన్న నియమాన్ని గమనించండి. నీటి తగాదాల అనుభవం ఎంత పాతదో తెలుస్తుంది.

గొలుసుకట్టు బలం, బలహీనత రెండూ 1908లో తెలిశాయి. ఆ ఏడు సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచింది. కారణాలు పరిశీలించడానికి నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. హైదరాబాదుకు ఎగువన మూసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులు ఉన్నాయనీ, అంటే దాదాపు చదరపు మైలుకు ఒకటి చొప్పున ఉన్నాయనీ, వాటిలో 221 తెగాయనీ ఆయన లెక్క తేల్చారు. పై కట్ట తెగితే ఆ నీరు కింది కట్టను తెంచుతుంది. నగర రక్షణకు కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఈ పరిశీలన ఫలితాలే.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
క) ‘ట్యాంక్‌బండ్’, ‘తాలాబ్‌కట్ట’ అనే పేర్ల మధ్య పోలిక ఏమిటి?
ఖ) శిఖం అంటే ఏమిటి? చెరువు అంచు ఎందుకు మారుతూ ఉంటుంది?

5. మాట తిరిగిన ఇతర దారులు

ఐరోపాలో ఈ మాట పాత్ర అనే అర్థం వైపు పోయింది. యంత్రాలు వచ్చాక నూనె, పెట్రోలు, రసాయనాలు నిలువ చేసే పెద్ద పాత్రలన్నీ ట్యాంకులయ్యాయి. వాటిని మోసే ఓడ, లారీ ట్యాంకర్లయ్యాయి.

యుద్ధ ట్యాంకుకు ఆ పేరు రావడం వెనుక ఒక రహస్యం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, బ్రిటన్ ఇనుప కవచం గల కొత్త వాహనాన్ని తయారు చేయసాగింది. లింకన్ నగరంలోని కర్మాగారంలో పని జరుగుతున్నప్పుడు శత్రువుకు సంగతి తెలియకుండా, అవి నీళ్లు మోసే ట్యాంకులని ప్రచారం చేశారు. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులోని సోమ్ యుద్ధరంగంలో అవి మొదటిసారి పోరులో దిగాయి. రహస్యం తీరిపోయినా పేరు మిగిలింది. నీటికి సంబంధించిన మాట మందుగుండుకు అంటుకొంది. 1948 సెప్టెంబరు 13న ప్రారంభమైన హైదరాబాదు సైనిక చర్యలో షోలాపూర్ దారిన వచ్చిన భారత సేనలో ఈ రకపు ట్యాంకులు ఉన్నాయి. చెరువులను ఇంగ్లీషు కాగితాల్లో ట్యాంకులని రాసుకొన్న రాజ్యంలోకి మరో రకం ట్యాంకులు వచ్చాయన్నమాట.

స్నానాల కొలనును ‘ట్యాంకు’ అని పిలిచిన కాలంలో ఈత దుస్తులకు వచ్చిన పేరు నుంచే నేటి చేతుల్లేని బనియన్ వంటి ‘ట్యాంక్ టాప్’ అనే మాట ఏర్పడింది. విధాన విషయాలు ఆలోచించే సంస్థను ‘థింక్ ట్యాంక్’ అంటున్నారు. మన ఇళ్లలో ఒక కంపెనీ పేరే వస్తువు పేరై, ఏ ప్లాస్టిక్ తొట్టినైనా ‘సింటెక్స్’ అనేస్తున్నారు. వీటన్నిటిలో ఉమ్మడిగా ఉన్నది ఒకటే. ట్యాంకు అంటే ఏదైనా ఒకదాన్ని మూసి నిలువ ఉంచేది. చెరువు మాత్రం నిలువ ఉంచడంతో పాటు పారిస్తుంది, నేలలోకి ఇంకిస్తుంది, మత్తడి దుంకి కిందికి పంపుతుంది.

6. పేరు మిగిలి నీరు పోయిన చోటు

హైదరాబాదులో ‘మాసాబ్ ట్యాంక్’ అనే ప్రాంతం మీకు తెలిసే ఉంటుంది. కుతుబ్‌షాహీ రాజకుటుంబంలో ‘మా సాహెబా’ అని గౌరవంగా పిలిచిన స్త్రీ పేరు మీద ఉన్న చెరువు వల్ల ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఇప్పుడు అక్కడ రోడ్లు, కార్యాలయాలు, పార్కు ఉన్నాయి. చెరువు లేదు. బస్సు కండక్టరు నోట మాత్రం ట్యాంకు మిగిలింది. అదే నగరంలో 19వ శతాబ్దం తొలి సంవత్సరాల నాటి మీర్ ఆలం ట్యాంకులో నీరూ ఉంది, వరుస కమానులతో కట్టిన కట్టా ఉంది.

ఇబ్రహీంపట్నం వైపు రండి. ఊరి పేరులో కుతుబ్‌షాహీ సుల్తాను ఇబ్రహీం పేరు ఉంది. పెద్ద చెరువును ఆ కాలానిదిగా స్థానికులు చెప్పుకొంటారు. పక్కనే ఉన్న శేరిగూడ పేరులోని ‘శేరి’ దక్కన్ రెవెన్యూ పరిభాషకు చెందిన మాట. పాలకుడు గాని జాగీర్దారు గాని తన సొంత సాగు కోసం ఉంచుకొన్న భూమికి అది పేరు. శేరిలింగంపల్లిలోనూ ఆ మాటే కనిపిస్తుంది. అంటే ఇక్కడి ఊళ్ల పేర్లలో ఒకటి నీటిని కట్టించినవాడిని గుర్తు చేస్తే, మరొకటి భూమి ఎవరి చేతిలో ఉండేదో గుర్తు చేస్తుంది. ఇప్పుడు ఇదే దారి పక్కన ఇంజనీరింగు కళాశాలలు, వెంచర్ల బోర్డులు కనిపిస్తాయి. పొలం గజాల లెక్కకు మారింది.

చెరువులు పోవడానికి మాట కారణమని నేను చెప్పడం లేదు. బోరుబావులు వచ్చి చెరువు మీద రైతు ఆధారం తగ్గడం, నీరటి వంటి గ్రామ సేవకుల వ్యవస్థ కూలిపోవడం, నీళ్లొచ్చే వాగులకు అడ్డంగా నిర్మాణాలు రావడం, భూమి ధర పెరగడం అసలు కారణాలు. కాని ఒక మాట మన చూపును కుదించగలదు. నాలుగు గోడల ట్యాంకును ఊహించుకొనేవాడికి ఎండాకాలంలో ఎండిన శిఖం భూమి చెరువులో భాగంగా కనిపించదు. అది ఖాళీ స్థలంలా కనిపిస్తుంది. అమ్మేవాడికి కావలసిందీ అదే.

7. దస్తావేజుల్లో ఈ మాటను చదవడం

పత్రికల్లో మీరు తరచుగా చూసే ‘ఎఫ్‌టీఎల్’ అనే పొట్టి మాటలో మధ్య అక్షరం ట్యాంకుదే. ‘ఫుల్ ట్యాంక్ లెవెల్’ అంటే చెరువు నిండి మత్తడి దుంకడానికి సిద్ధంగా ఉన్నప్పటి నీటి మట్టం. ఆ మట్టంలో నీరు ఎంత దూరం పరుచుకొంటుందో అదే చెరువు హద్దు. ఏప్రిల్‌లో నీరున్న హద్దు కాదు. 2012 నాటి భవన నిర్మాణ నియమాల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఈ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు నిర్మాణం లేకుండా వదలాలి. దీన్నే బఫర్ జోన్ అంటున్నారు.

పాత రికార్డులు చూసేటప్పుడు మూడు సంగతులు గుర్తుంచుకోండి. మొదటిది కాలగణన. నిజాం రాజ్యపు చట్టాలు ఫసలీ సంవత్సరంలో ఉంటాయి. దానికి 590 కలిపితే సుమారుగా క్రీస్తు శకం వస్తుంది. 1317 ఫసలీ భూమిశిస్తు చట్టం అంటే 1907 నాటిది. 1357 ఫసలీ నీటిపారుదల చట్టం 1947–48 నాటిది. రెండవది భాష. సేత్వార్‌లో ఉర్దూలో ‘తాలాబ్’ అని, 1954–55 ఖాస్రా పహాణీలో ‘శిఖం’ అని, ఇంగ్లీషు జాబితాలో ‘ట్యాంకు’ అని ఉన్నది ఒకే నేల కావచ్చు. మూడవది హక్కు. శిఖం భూమి కొన్నిచోట్ల ప్రభుత్వానిది, కొన్నిచోట్ల పట్టాదారుది. పట్టా శిఖంలో నీరు తగ్గినప్పుడు సాగు చేసుకోవడం వేరు, ఇల్లు కట్టుకోవడం వేరు. కాగితం మీద ‘పట్టా’ అన్న మాట కనిపించగానే తృప్తి పడకూడదు. పక్కన ‘శిఖం’ ఉందేమో చూడాలి.

అదేవిధంగా లేఅవుట్ నక్షాలో ‘ట్యాంకు’ అని ఉంటే అది ఓవర్‌హెడ్ ట్యాంకుకు వదిలిన స్థలమా, కుంటా అని అడిగి తెలుసుకోవాలి. నాలుగు ప్రశ్నలు వేయండి. ఈ కాగితం ఎవరు రాశారు? ఎప్పుడు రాశారు? ఏ భాష నుంచి రాశారు? ఏ పని కోసం రాశారు? చరిత్ర విద్యార్థి శాసనానికి వేసే ప్రశ్నలే ఇవి. మీ కుటుంబపు దస్తావేజుకు కూడా ఇవే పనికి వస్తాయి.

8. తిరిగి చెరువు దగ్గరికి

మద్రాసు రాష్ట్రంలో 1880ల నాటికే చెరువుల మరమ్మతు పథకం మొదలైంది. మన కాలంలో తెలంగాణ ప్రభుత్వం 2015 మార్చిలో ‘మిషన్ కాకతీయ’ను ప్రారంభించింది. రాష్ట్రంలో 46,531 చెరువులు, కుంటలు ఉన్నట్లు లెక్క తీసి, పూడిక తీయడం, తూములు, మత్తళ్లు బాగు చేయడం దాని లక్ష్యంగా పెట్టుకొంది. తీసిన ఒండ్రుమట్టిని రైతులు పొలాలకు తోలుకొన్నారు. అదే కాలంలో పట్టణాల్లో చెరువుకట్టలను నడక దారులతో, దీపాలతో తీర్చిదిద్ది ‘మినీ ట్యాంక్‌బండ్’ అని పేరు పెట్టారు. హైదరాబాదులో ఒక స్థలానికి మాత్రమే ఉన్న పేరు ఇలా సామాన్య నామమయింది. అందం మంచిదే. కాని ట్యాంక్‌బండ్ అందంగా ఉండి, నీళ్లొచ్చే వాగు మూసుకుపోతే అది చెరువు అనిపించుకోదని మీరు ఇప్పుడు సులభంగా చెప్పగలరు.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
క) ఎఫ్‌టీఎల్ అంటే ఏమిటి? ఎండాకాలపు నీటి అంచుకూ దానికీ తేడా రాయండి.
ఖ) 1317 ఫసలీ ఏ క్రీస్తు శక సంవత్సరానికి సరిపోతుంది?

9. సారాంశం

ట్యాంకు అనే మాట భారతీయ నీటి కట్టడాల నుంచి, పోర్చుగీసు మాట సాయంతో ఇంగ్లీషులో స్థిరపడింది. పాలనా భాషగా తిరిగివచ్చి చెరువు, కుంట, కోనేరు వంటి అనేక పేర్లను తన కిందికి తెచ్చుకొంది. యంత్రయుగంలో పాత్ర అనే అర్థం బలపడింది. యుద్ధకాలపు రహస్యం వల్ల ఆయుధమయింది. మన దగ్గర పేటల పేర్లలో, చట్టాల్లో పాత అర్థం ఇంకా బతికి ఉంది. ఆ పాత అర్థం తెలియకపోతే చెరువు హద్దు తెలియదు, హద్దు తెలియకపోతే హక్కు తెలియదు.

10. అభ్యాసం

మీ ఊరిలోని నీటి వనరుల పేర్లన్నీ ఒక కాగితం మీద రాయండి. ఇంట్లో పెద్దవారిని, వీలైతే నీరటి కుటుంబంవారిని అడగండి. ప్రతి పేరు ఎదుట అది చెరువా, కుంటా, కోనేరా, నీరు ఎక్కడ నుంచి వస్తుంది, మత్తడి నీరు ఏ చెరువుకు పోతుంది అని రాయండి. తరువాత గ్రామ నక్షాతో పోల్చండి. నక్షాలో ఉండి నేల మీద లేనివి, జనం నోట ఉండి నక్షాలో లేనివి వేరుగా గుర్తించండి. ఈ రెండు జాబితాలను జాగ్రత్తగా దాచుకోండి. మీ ఊరి చరిత్ర రాయడానికి అవి మొదటి ఆధారాలు. ఎప్పుడో ఒకరోజు మీ ఊరి చెరువు హద్దు గురించి పంచాయతీలో ప్రశ్న వస్తే, సమాధానం చెప్పడానికి ముందుకు రావలసినవారు కూడా మీరే.